డాలస్ చలికీ ఎండకీ మధ్య ఐరిస్ క్రాసింగ్: కాయ ఎందుకు నిలవదు, దుంప ఎందుకు కుళ్లుతుంది

అడిగింది ఇదీ: "డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మూడేళ్ల కిందట పెట్టిన టాల్ బియర్డెడ్ ఐరిస్‌లు బాగానే పూస్తున్నాయి. ఈ ఏప్రిల్‌లో పద్నాలుగు పువ్వులకి పుప్పొడి రాస్తే రెండు కాయలే నిలిచాయి. అంతకుముందు ఫిబ్రవరి చివర ఎండలు కాసి, మార్చిలో గడ్డకట్టే చలి వచ్చింది. మూడు పూలకాడలు మధ్యలోనే మెత్తబడి పడిపోయాయి. ఆగస్టులో రోజు విడిచి రోజు నీళ్లు పెడుతున్నా రెండు దుంపలు కుళ్లిపోయాయి. ఇది వాతావరణం వల్లా, నా తప్పా? ఉన్న విత్తనాలు ఎప్పుడు నాటాలి? హైదరాబాద్‌లో అమ్మావాళ్లకి దుంపలు పంపొచ్చా?"

ముందు సూటిగా చెప్పేస్తాను. (క్రాసింగ్ అంటే ఒక రకం పుప్పొడిని ఇంకో రకం పువ్వుకి రాసి కొత్త విత్తనం పుట్టించడం.) కాడలు పడిపోవడం వాతావరణం పనే. కాయలు నిలవకపోవడంలో కూడా దాని పాలే ఎక్కువ, కాకపోతే తప్పించుకునే దారులున్నాయి. ఆగస్టు కుళ్లు మాత్రం ఆ నీళ్ల వల్లే. "పెడుతున్నా" కుళ్లలేదండీ, పెట్టబట్టే కుళ్లింది. (కింద డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లోనే.)

బియర్డెడ్ ఐరిస్ అంటే కింది రేకల మీద గడ్డంలాంటి నూగుండే, దుంపతో పెరిగే పూలమొక్క, టాల్ అంటే దాంట్లో పొడుగు రకం. ఇది చలికి బెదిరే మొక్క కాదు. మిన్నెసోటాలో, నెబ్రాస్కాలో నెలల తరబడి మంచు కింద పడుంటుంది, మే నెలాఖరుకి పూస్తుంది. దానికి కిట్టనిదల్లా ఒకసారి వెచ్చబడ్డాక వెనక్కి వచ్చే చలి. 2021 ఫిబ్రవరి 16న డాలస్ ఎయిర్‌పోర్టులో మైనస్ 2 డిగ్రీలు నమోదైంది. పైపులు పగిలాయి, కరెంటు పోయింది. ఐరిస్‌కి మాత్రం అది ప్రాణం మీదికి వచ్చే చలి కాదు, ఎందుకంటే టాల్ బియర్డెడ్ రకాల్లో పూలకాడ అప్పటికింకా దుంపని అంటిపెట్టుకునే ఉంటుంది. ఆకులు మాడతాయి, కొత్తవి వస్తాయి. దీనికి పూర్తిగా తిరగేసిన కథ 2007 ఈస్టర్ వారం. మార్చంతా వెచ్చగా గడిచి మొక్కలు ముందుకెళ్లిపోయాక, ఏప్రిల్ మొదటి వారంలో మిడ్‌వెస్ట్ నుంచి దక్షిణ రాష్ట్రాల దాకా చలి ఇరవైల్లోకి దిగింది. 2021తో పోలిస్తే అదేమంత చలి కాదు, అయినా చాలా తోటల్లో మొగ్గలతో ఉన్న కాడలు దెబ్బతిన్నాయి. థర్మామీటర్ అంకె ఒక్కటీ చూస్తే ఏమీ తెలియదు. ఆ అంకె వచ్చినప్పుడు కాడ ఎక్కడుందో చూడాలి.

అది చేత్తోనే తెలుస్తుంది. ఫిబ్రవరి మూడో వారం నుంచి ఆకుల గుత్తి మొదలుని, మట్టికి అంగుళం పైన, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లిగా నొక్కి చూడండి. ఇంకా చదునుగా, విసనకర్ర మడిచినట్టుంటే కాడ కదల్లేదు. లోపల గుండ్రంగా, గట్టిగా తగిలితే కదిలింది. కదలని మొక్కని చలికి వదిలేసినా ఫర్వాలేదు. కదిలిన వాటిని 28 డిగ్రీల కంటే తక్కువని ఫోర్‌కాస్ట్ చెప్పిన రాత్రి కప్పండి. పాత దుప్పటైనా సరే, ఫ్రాస్ట్ క్లాత్ ఇంకా మంచిది. ప్లాస్టిక్ షీట్ ఆకుల్ని తాకితే తాకినచోటల్లా మాడుతుంది, అందుకే వద్దు. మట్టి మరీ పొడిగా ఉంటే ముందురోజు పొద్దున్నే నీళ్లు పెట్టండి. తడి మట్టి పగటి వేడిని పట్టి రాత్రి కాస్త కాస్తగా వదులుతుంది.

రంగు కనిపిస్తున్న మొగ్గలతో కాడలు నిలబడి ఉంటే కప్పడానికి తంటాలు పడకండి. సాయంత్రమే కోసి ఇంట్లో నీళ్ల సీసాలో పెట్టుకోండి. రెండు మూడు రోజుల్లో విచ్చుకుంటాయి, పుప్పొడి చక్కగా పనికొస్తుంది. కోసిన కాడ మీద కాయ నిలబెట్టడం కష్టం కానీ, తండ్రిగా ఆ పువ్వు మీ చేయి దాటిపోదు.

మార్చి చలికి మెత్తబడిన మీ కాడల సంగతి. కాడ లోపలి కణజాలం గడ్డకట్టి పగిలితే అందులోకి మెత్తకుళ్లు బ్యాక్టీరియా దిగుతుంది, అక్కడి నుంచి దుంపలోకి పాకుతుంది. వాసన చూస్తే మీకే తెలుస్తుంది, ఆ కంపు ఇంకెక్కడా ఉండదు. కాబట్టి కాడ నీరుకారినట్టు, గాజులా కనిపించిన రోజే మొదట్లోంచి విరిచెయ్యాలి. "మొగ్గలున్నాయి కదా, చూద్దాం" అనుకుంటే పువ్వూ రాదు, దుంపా మిగలదు. కుళ్లు దుంప దాకా వెళితే చుట్టూ మట్టి తీసి, పాత చెంచాతో గట్టి తెల్లభాగం తగిలేదాకా గీకెయ్యండి. తొమ్మిది పాళ్ల నీళ్లకి ఒక పాలు బ్లీచ్ కలిపి గాయం మీద పోసి, మట్టి కప్పకుండా వారం రోజులు ఎండకి వదిలెయ్యండి. చెంచాని, కత్తిని ఒక దుంప నుంచి ఇంకో దుంపకి వెళ్లేముందు అదే ద్రావణంలో ముంచాలి.

ఒకసారి కాడ వేసిన దుంప మళ్లీ పూయదు, చలికి కాడ పోయినా అంతే. పూసేది దాని పక్క పిలకలే. పిలకలు గట్టిగా ఉంటే మొక్క పోయినట్టు కాదు, నడిబొడ్డు చచ్చిన దుంప ఒక్కోసారి మామూలు కంటే ఎక్కువ పిలకలే వేస్తుంది.

ఇక కాయలు. పద్నాలుగుకి రెండంటే నిరాశగానే ఉంటుంది, కానీ మంచి వాతావరణంలో కూడా సగం నిలిస్తే సంతోషించే పని ఇది. ముందు వాతావరణంతో సంబంధం లేని కారణాన్ని పక్కకి తీసేయండి. టాల్ బియర్డెడ్‌లకి సాధారణంగా 48 క్రోమోజోములు, పొట్టి రకాలైన స్టాండర్డ్ డ్వార్ఫ్‌లకి 40. ఈ రెండిటికీ పుట్టిన ఇంటర్మీడియట్‌లకి 44, అవి చాలావరకు గొడ్డే. మీరు రాసినవాటిలో ఇంటర్మీడియట్‌లు ఉంటే ఎండనీ వాననీ తిట్టుకోనక్కర్లేదు. టాల్ బియర్డెడ్‌లలోనూ కొన్ని రకాలు పుప్పొడి ఇస్తాయి కానీ కాయ పట్టవు. అమెరికన్ ఐరిస్ సొసైటీ వాళ్ల ఐరిస్ ఎన్‌సైక్లోపీడియాలో రకం పేరు కొట్టి, అది తల్లిగా ఎప్పుడైనా పిల్లల్ని ఇచ్చిందా చూడండి. ఇచ్చిన దాఖలా ఉంటే అప్పుడు వాతావరణం గురించి మాట్లాడుకుందాం.

ఐరిస్ పువ్వులో పుప్పొడి పట్టే చోటు చాలా చిన్నది. పువ్వు నడుమ రేకల్లా కనిపించే మూడు స్టైల్ ఆర్మ్‌ల కొసల కింద, కేసరానికి సరిగ్గా పైన, పలచటి పెదవిలాంటి అంచు ఉంటుంది. పుప్పొడి పడాల్సింది దాని బయటివైపు, పైకి తిరిగిన ముఖం మీద. పువ్వు సిద్ధంగా ఉన్నప్పుడు ఆ పెదవి కాస్త కిందికి వంగి, తడిగా మెరుస్తుంది, పుప్పొడి తాకగానే అంటుకుంటుంది. డాలస్ ఏప్రిల్‌లో దక్షిణం గాలి ఇరవై ముప్పై మైళ్ల వేగంతో కొడుతూ మధ్యాహ్నం 85 దాటితే ఆ తడి గంటల్లో ఆరిపోతుంది. అప్పుడెంత పుప్పొడి రాసినా గోడకి సున్నం రాలినట్టు రాలిపోతుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక రాసేవాళ్లకి కాయలు నిలవకపోవడానికి మొదటి కారణం ఇదే.

అందుకని రాసే పని పొద్దున్న పెట్టుకోండి. మంచు ఆరాక, పది లోపు. అప్పుడే విచ్చుకుంటున్న పువ్వుని ఎంచుకోండి, ముందురోజుది వద్దు. ఇంకా మంచి దారి ఒకటుంది: రేపు విచ్చుకుంటుందన్న మొగ్గని ఈ సాయంత్రం వేళ్లతో తెరిచి, కేసరాలు మూడూ ట్వీజర్‌తో లాగేసి, కిందికి వేలాడే మూడు రేకల్నీ (వీటినే ఫాల్స్ అంటారు) పీకెయ్యండి. తేనెటీగ దిగేది ఫాల్ మీదే, అది లేకపోతే మీకంటే ముందు వచ్చి వేరే పుప్పొడి రాసిపోదు. పైకి నిలబడే రేకల్ని (స్టాండర్డ్స్) మాత్రం ఉంచండి, ఎండకీ గాలికీ అవే గొడుగు. పొద్దున్నే మూడు పెదవులకీ రాయండి, ఒక్కదానికే రాసి ఊరుకోవద్దు. మరీ వడగాలి రోజుల్లో కిందికొమ్మల పువ్వులు నయం. గాలి తక్కువ తగులుతుంది, కాయ బరువెక్కాక కాడ విరిగే ప్రమాదమూ తక్కువ. ఒక కాడకి రెండు కాయలు చాలు, మూడు దాటనివ్వకండి.

వానది వేరే గొడవ. నీళ్లలో పడిన పుప్పొడి రేణువు ఉబ్బి పగిలిపోతుంది, ఇక పనికిరాదు. చల్లటి ముసురు రోజుల్లో అయితే కేసరాలు అసలు పగలవు, పుప్పొడే బయటికి రాదు. ముసురు పట్టబోతోందంటే విచ్చుకోబోయే మొగ్గల్లోంచే కేసరాలు తీసి, ఇంట్లో తెల్ల కాగితం మీద పరిచి, టేబుల్ లైటుకి అడుగు దూరంలో పెట్టండి. ఒక రాత్రిలో పగులుతాయి. రాసిన కొద్ది గంటల్లో వాన వచ్చేట్టుంటే అల్యూమినియం ఫాయిల్ ముక్కని చిన్న టోపీలా చేసి పువ్వు మీద పెట్టొచ్చు, కానీ ఎండ రాగానే తీసెయ్యాలి. లేకపోతే అదే పొయ్యి అవుతుంది.

నిజానికి ఉత్తర టెక్సస్‌లో క్రాసులు చేయాలనుకునేవాళ్లకి పుప్పొడి నిల్వ రాకపోతే సగం పని రానట్టే. వాతావరణం పువ్వుల్ని ఎప్పుడు పాడుచేస్తుందో మన చేతిలో లేదు, మంచి పుప్పొడి పొద్దున్న దొరికినప్పుడు దాచుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది. పగిలిన కేసరాల్ని నీడలో ఒక రాత్రి ఆరనిచ్చి, చిన్న కాగితం కవర్లలో రకం పేరు, తేదీ రాసి పెట్టండి. ఆ కవర్లని సిలికా జెల్ ప్యాకెట్లున్న గాజుసీసాలో బిగించి ఫ్రిజ్‌లో పెడితే ఆ సీజనంతా వస్తుంది, ఫ్రీజర్‌లో అయితే వచ్చే ఏడాదికి కూడా. తీసేటప్పుడే అందరూ చెడగొట్టేది. సీసా బయటికి తీసి, మూత తెరవకుండా గది వేడికి వచ్చేదాకా అరగంట ఆగాలి. వెంటనే తెరిస్తే గాలిలో తేమ చల్లటి పుప్పొడి మీద చెమటలా పట్టి ముద్ద కడుతుంది. మంచి పుప్పొడి కుంచె మీద పిండిలా విడివిడిగా ఉంటుంది, ముద్దలుగా వస్తే పారెయ్యండి. శరదృతువులో రెండోసారి పూసే 'ఇమ్మోర్టాలిటీ' లాంటి రకాలున్నాయా? అప్పుడు క్రాస్ చేసినా కాయ పండేలోపే నవంబర్ చలి పట్టుకుంటుంది. పుప్పొడి దాచుకుని ఏప్రిల్‌లో వాడుకోండి.

ట్యాగ్ మీద తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత. పెన్సిల్‌తో రాయండి. మార్కర్ ఇంకు టెక్సస్ ఎండకి జూన్ దాకా ఆగదు.

రాసిన వారం పది రోజుల్లో సంగతి తెలిసిపోతుంది. నిలిచినదాని అండాశయం ఆకుపచ్చగానే ఉండి లావెక్కుతుంది, నిలవనిది పసుపెక్కి పువ్వుతోపాటే ఎండుతుంది. వాడిపోయిన రేకలు కాయ మొదట్లో తడి ముద్దలా చిక్కుకుని ఉంటాయి, కాయని కప్పిన కాగితంలాంటి పొర కూడా వాన నీళ్లని దొప్పలా పట్టి ఉంచుతుంది. ఈ రెండూ తీసేయకపోతే మే వానల్లో కాయ మొదలు నుంచి కుళ్లుతుంది. కాడకి కర్ర కట్టండి. వడగళ్లవానకి కాడ విరిగినా, అప్పటికి కాయకి ఆరేడు వారాలు నిండి ఉంటే కాడని పొడుగ్గా కోసి నీళ్లలో పెట్టండి, విత్తనాలు కొన్నైనా పండే అవకాశముంది. చివరి రోజుల్లో కాయకి పలచటి ఆర్గాంజా సంచీ తొడిగితే పగిలి విత్తనాలు రాలిపోవు.

కాయ పండడానికి మామూలుగా ఎనిమిది నుంచి పది వారాలు. ఎండ ముదిరితే ఇంకా ముందే పండిపోయి, విత్తనాలు సన్నగా, ముడతలతో వస్తాయి. ముడతలున్నంత మాత్రాన పారేయకండి, ఐరిస్ విత్తనం ఎండితే ముడతలు పడేదే. వేళ్ల మధ్య నొక్కితే గట్టిగా ఉంటే పంట, గుల్లగా నలిగితే పొట్టు. కాయలున్న మొక్కలకి మొదటి ఐదారు వారాలు వారానికోసారి లోతుగా నీళ్లు అవసరం. దుంపల మీద కాదు, డ్రిప్‌తో పక్కన, పొద్దుటిపూట.

ఆ తర్వాత చెయ్యి కట్టేసుకోవాలి. మీ ఆగస్టు తప్పు ఇక్కడుంది. జూన్ నెలాఖరు నుంచి బియర్డెడ్ ఐరిస్ సగం నిద్రలోకి పోతుంది. ఆకుల కొసలు ఎండడం, గుత్తి చిన్నదవడం దాహం కాదు. 2011లో డాలస్‌లో 71 రోజులు 100 గానీ అంతకు మించి గానీ కాసింది, అందులో 40 రోజులు వరసగా. అలాంటి వేసవిలో కూడా దుంపల్ని చంపేది ఎండ కంటే వేడి మట్టిలో నిలిచిన తడే. రాత్రికి కూడా చల్లబడని మట్టిలో రోజు విడిచి రోజు నీళ్లంటే కుళ్లు బ్యాక్టీరియాకి పండగ. వాన లేకపోతే రెండు మూడు వారాలకోసారి, తెల్లవారుజామున, మూడు అంగుళాల లోతులో వేలికి తడి తగలనప్పుడు మాత్రమే పెట్టండి. లాన్ స్ప్రింక్లర్ మడి మీద పడుతుంటే ముందు దాని తల తిప్పండి.

కుళ్లు రెండు రకాలు, గుర్తుపట్టడం ముఖ్యం. కంపుకొడుతూ ముద్దగా ఉంటే బ్యాక్టీరియా. వాసన లేకుండా ఆకుల మొదళ్లు గోధుమరంగు తిరిగి, తెల్లటి బూజు దారాలు, వాటి మధ్య ఆవగింజల్లాంటి గుండ్రటి గింజలు కనిపిస్తే అది స్క్లెరోషియం రాల్ఫ్సీ అనే శిలీంధ్రం. మన అనంతపురం, కర్నూలు వైపు వేరుశనగలో మొదలుకుళ్లు తెచ్చేది సరిగ్గా ఇదే. బ్లీచ్‌తో ఇది లొంగదు. ఆ గింజలు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, అందుకే మొక్క చుట్టూ ఆరు అంగుళాల మట్టిని గింజలతో సహా ఎత్తి సంచిలో కట్టి చెత్తలో వేయాలి. కంపోస్టులో వేయొద్దు. ఆకుల చెత్తని, మల్చ్‌ని దుంపల మీద నుంచి లాగేయాలి, గాలి ఆడాలి.

మట్టి మాట కూడా చెప్పాలి. మీ ఫ్రిస్కో మట్టి బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీది, అంటే మన దక్కన్ నల్లరేగడి జాతే. తడిస్తే ఉబ్బి నీళ్లు వదలదు, ఎండితే నెర్రెలు బారి వేర్లని తెంపేస్తుంది. ఐరిస్‌కి రెండూ శిక్షే. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తుమడి వేసి, మూడు అంగుళాల ఎక్స్‌పాండెడ్ షేల్ (కాల్చి ఉబ్బించిన తేలికపాటి రాతి ముక్కలు) కలపండి. ఇక్కడి నర్సరీల్లో దొరుకుతుంది, ఇసుక కంటే చాలా నయం. దుంప వీపు కనబడేట్టు నాటమని ఉత్తరాది పుస్తకాలు చెబుతాయి, మన ఎండకి అర అంగుళం మట్టి కప్పినా తప్పులేదు. విడదీసి నాటేది జూలైలో కాదు, సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ దాకా. నైట్రోజన్ ఎక్కువున్న లాన్ ఎరువు పక్కకి రానివ్వకండి. మెత్తగా పెరిగిన ఆకుకి చలీ ఎక్కువ తగులుతుంది, కుళ్లూ త్వరగా పడుతుంది.

మీ విత్తనాలు కాగితం కవర్లోనే ఉండనివ్వండి. అక్టోబర్ చివర లేదా నవంబర్‌లో ఒక గాలన్ కుండీల్లో, అర అంగుళం లోతున, ఒక్కోదానిలో పాతిక దాకా విత్తి బయటే ఉంచండి. ఉడతలు తవ్వకుండా పైన జాలీ. విత్తనం పైపొరలో మొలకని ఆపే పదార్థాలుంటాయి, చలికాలం వానలూ చలీ వాటిని కడిగేస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో మొలుస్తాయి. మన దగ్గర చిక్కు ఏంటంటే, జనవరిలో వారం రోజులు 75 కాస్తే మోసపోయి ముందే మొలిచేస్తాయి. ఆ వెంటనే గట్టి చలి వస్తే కుండీలని గరాజ్‌లోకి లాక్కోండి, నేలలో విత్తితే ఆ వీలుండదు. చలికాలాన్ని నమ్మలేమనుకుంటే ఫ్రిజ్ దారి: పది పన్నెండు రోజులు రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టి, తడిపి పిండిన పెర్లైట్‌లో (కుండీ మట్టిలో కలిపే తెల్లటి తేలిక గుళికలు) కలిపి, జిప్ సంచిలో 35 నుంచి 40 డిగ్రీల దగ్గర మూడు నెలలు. మొలకెత్తనివి ఉంటే కుండీ పారేయకండి, రెండో ఏడాది మొలిచేవీ ఉంటాయి. నారు మూడు నాలుగు అంగుళాలయ్యాక అడుగు ఎడంతో నాటి, మొదటి వేసవి మాత్రం 30 శాతం షేడ్ క్లాత్ వేయండి. పెద్ద మొక్కల్లా వీటికి దాచుకున్న దుంప లేదు, అందుకే నీళ్లు కూడా వీటికి క్రమం తప్పకూడదు.

పూసినప్పుడు తొందరపడి తీర్పు చెప్పకండి. చలి వసంతంలో ఊదా, నీలి రంగులు ముదురుగా వస్తాయి, ఎండ వసంతంలో గులాబీలు, కాషాయాలు మధ్యాహ్నానికే వెలిసిపోతాయి. పెరిగే సమయంలో చలి తగిలితే కాడ పొట్టిగా ఉండి పువ్వు ఆకుల్లోనే విచ్చుకుంటుంది, ఒక్కోసారి మూడు ఫాల్స్‌కి బదులు రెండో నాలుగో వస్తాయి. ఇవి వంశలోపాలు కావు, మరుసటి ఏడాది సరిపోతాయి. రంగుకీ ఆకారానికీ రెండు మూడు వసంతాలు చూడాలి. కానీ కుళ్లు విషయంలో ఇంత దయ అక్కర్లేదని నా అభిప్రాయం. పక్కనున్నవన్నీ బాగుండి ఇదొక్కటే ప్రతి వేసవీ మెత్తబడుతుంటే, పువ్వు ఎంత అందంగా ఉన్నా పీకెయ్యండి. పిలక ఒక్కటి కూడా వేయకుండా ఉన్న శక్తంతా పూతకే ఖర్చుపెట్టి చచ్చిపోయే రకాన్ని కూడా తల్లిగా వాడొద్దు. కష్టమైన ఏడాదిలో ఏది నిలిచింది, ఏది చలి తర్వాత కూడా కాడ వేసింది అని తేదీలతో రాసి పెట్టుకోండి. వచ్చే ఏప్రిల్‌లో ఎవరికి ఎవరిని కలపాలో ఆ నోట్‌బుక్ చెబుతుంది. ఒరెగాన్ నర్సరీ కేటలాగ్ బొమ్మ చెప్పదు, అక్కడి వేసవి వేరు.

హైదరాబాద్‌కి దుంపలు పంపొద్దు. భారత్‌లోకి మొక్కలు తేవాలంటే ఇంపోర్ట్ పర్మిట్, ఇక్కడి నుంచి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకి తెగుళ్లు లేవన్న ధ్రువపత్రం) కావాలి. అవన్నీ తిప్పలుపడి చేసినా టాల్ బియర్డెడ్ పూతకి వారాల తరబడి అసలైన చలికాలం కావాలి, హైదరాబాద్ డిసెంబర్ రాత్రులు దానికి చాలవు. ఆకులు రెండేళ్లు ఉంటాయి, మూడో వర్షాకాలంలో కుళ్లుతాయి. అమ్మగారికి ఆ కుటుంబంలోదే ఏదైనా కావాలంటే అక్కడి నర్సరీలో పసుపుపచ్చ వాకింగ్ ఐరిస్ అడగమనండి, చలి అడగదు, కుండీలో కూడా పూస్తుంది. నారింజరంగు మీద ఎర్రచుక్కల బ్లాక్‌బెర్రీ లిల్లీ దొరికితే అదీ మంచిదే. దాన్ని 2005లో ఐరిస్ డొమెస్టికా అని ఐరిస్‌లలోనే కలిపారు, విత్తనం నుంచి తేలిగ్గా వస్తుంది. నీళ్లు నిలవని చోటు, సగం రోజు ఎండ చాలు.